సబ్బు, సూది, కిటికీ



1840లలో వియన్నా జనరల్ ఆసుపత్రికి కాన్పుకి వచ్చే పేద ఆడవాళ్ళను నొప్పుల కంటే ఎక్కువగా ఒక భయం పీడించేది, తమను ఏ వార్డులో పడేస్తారోనని. అక్కడ కాన్పుల వార్డులు రెండు. ఒకరోజు ఒకదానిలో చేర్చుకుంటే మర్నాడు రెండోదానిలో. ఇవాళ వంతు మొదటి వార్డుదని తెలియగానే మోకాళ్ళ మీద పడి, అందులో వద్దని బతిమాలుకునేవారు. కొందరు దారిలోనే ప్రసవించి, పొత్తిళ్ళలో బిడ్డతో వచ్చేవారు. వింత ఏమిటంటే, అలా వీధిలో కన్నవాళ్ళే ఎక్కువగా బతికి బట్టకట్టేవారు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడుపోసే మొదటి వార్డులో నూటికి దాదాపు 10 మంది తల్లులు పురిటి జ్వరంతో పోయేవారు. మంత్రసానులు పురుడుపోసే రెండో వార్డులో నూటికి నలుగురే.

ఆ లెక్క చూసి కుదురుగా ఉండలేకపోయినవాడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. హంగేరీలోని బుడాలో పుట్టారు. 1846లో ఆ మొదటి వార్డులో అసిస్టెంటుగా చేరేనాటికి వయసు 28 ఏళ్ళు. ఒక్కొక్క అనుమానాన్నే తీసుకుని, పరీక్షించి, కొట్టేస్తూ పోయారు. జనం కిక్కిరిసి ఉండటం వల్లనా? రెండో వార్డే ఎక్కువ కిటకిటలాడేది. వాతావరణమా? రెండు వార్డులకూ అదే గాలి, అదే చలి. ప్రసవానికి పడుకోబెట్టే తీరా? అదీ మార్చి చూశారు. ఆఖరికి పాదిరిని కూడా వదల్లేదు. చనిపోబోయేవారి దగ్గరికి ఆ పాదిరి వస్తుంటే ముందు ఒకడు గంట వాయించుకుంటూ నడిచేవాడు. ఆ చప్పుడుకి బాలింతల గుండెలు జారిపోతున్నాయేమోనని, గంట లేకుండా వేరే దారిన రమ్మని ఆయన్ని ఒప్పించారు. గంట ఆగింది గానీ చావులు ఆగలేదు.

1847 మార్చిలో ఆయన స్నేహితుడు, ప్రొఫెసర్ యాకబ్ కొలెచ్కా చనిపోయారు. పోస్ట్‌మార్టం చేయిస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకుంది. ఆ చిన్న గాయమే ప్రాణం తీసింది. స్నేహితుడి శవపరీక్ష నివేదిక చదువుతున్న సెమ్మెల్‌వైస్‌కు అందులో పురిటి జ్వరంతో పోయిన తల్లుల ఒంట్లో కనిపించే లక్షణాలే కనిపించాయి. అప్పుడు ముడి విడిపోయింది. మొదటి వార్డు డాక్టర్లు పొద్దున్నే శవాల గదిలో పనిచేసి, అక్కడి నుంచి తిన్నగా కాన్పుల మంచాల దగ్గరికి వస్తున్నారు. మంత్రసానులకు శవాల గదితో పనే లేదు.

సబ్బుతో కడిగినా శవాల వాసన చేతులను అంటిపెట్టుకునే ఉండేది. ఆ వాసన పోగొట్టేదేదో వెతికి, మే నెల మధ్యలో క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో అందరూ చేతులు రుద్దుకుని తీరాల్సిందేనన్నారు. ఇంచుమించు మన పంచాయతీ వాళ్ళు వానాకాలంలో బావుల్లో వేయించే బ్లీచింగ్ పౌడరే అది. ఏప్రిల్‌లో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌లో రెండుకి, జులైలో ఒకటికి కాస్త పైకి దిగాయి. మరుసటి ఏడాదిలో రెండు నెలలు ఒక్క తల్లి కూడా పోలేదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్, కోచ్ అనే శాస్త్రవేత్తలు నిరూపించకముందే జరిగిన పని ఇది.

ఇంత రుజువు చూపించాక లోకం ఆయన్ని నెత్తిన పెట్టుకుని ఉండాలి. పెట్టుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికివి ఎలా అవుతాయని తోటి డాక్టర్లకు రోషం వచ్చింది. ఆయనా తక్కువ తినలేదు. ఏళ్ళ తరబడి తన పరిశోధనను అచ్చు వేయలేదు. వేశాక ఒప్పుకోనివారిని హంతకులంటూ బహిరంగ లేఖలు రాశారు. చివరికి మతి చలించిందని వియన్నా దగ్గరి పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1865 ఆగస్టు 13న అక్కడే, ఒంటి మీది గాయం చీము పట్టి, రక్తం విషమై చనిపోయారు. సరిగ్గా దానికి ముందురోజే గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్, బండి చక్రం కింద కాలు నలిగిన ఒక కుర్రాడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో తడిపిన కట్టు కట్టారు. ఆపరేషన్ థియేటర్లలో క్రిమినాశకాల శకం ఆ కట్టుతోనే మొదలైంది.

ఈ కథను సాధారణంగా ఒక మేధావికీ, మూర్ఖులైన తోటివారికీ మధ్య జరిగిన పోరుగా చెబుతుంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ దాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. ఆ క్లోరిన్ నీళ్ళు చేతుల చర్మాన్ని మండించేవి. రోజూ పదిసార్లు వాటిలో చేతులు ముంచమంటే ఎవరికైనా ప్రాణం విసుగుతుంది. పక్కన నిలబడి గదమాయించే మనిషి వెళ్ళిపోయాక అలవాటూ వెళ్ళిపోయింది. చేతులు కడుక్కోవాలని తెలియడం ఒక ఎత్తు, కడుక్కోగలిగేలా చేయడం ఒక ఎత్తు. రెండోది కుదరడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది.

అది కుదిరింది స్విట్జర్లాండ్‌లోని జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో. 1990లలో డిడియర్ పిటే అనే డాక్టరు, వార్డుల్లో ఎవరు ఎప్పుడు చేతులు కడుక్కుంటున్నారో కూర్చుని లెక్కపెట్టించారు. కడగాల్సిన సందర్భాల్లో సగంలో కూడా ఎవరూ కడగడం లేదు. నర్సుల కంటే డాక్టర్లు మరీ అన్యాయం. పని ఒత్తిడి పెరిగేకొద్దీ కడగడం ఇంకా తగ్గిపోతోంది. ఐసీయూలో ఒక నర్సుకి గంటలో ఇరవైకి పైగా సార్లు చేతులు శుభ్రం చేసుకోవాల్సిన అవసరం వస్తుంది. సింకు దాకా నడిచి, సబ్బు పూసి, కడిగి, తుడుచుకు రావడానికి ఒక నిమిషం అనుకున్నా, గంటలో మూడో వంతు కుళాయి దగ్గరే గడిచిపోతుంది. ఇక రోగిని చూసేదెప్పుడు? అంటే తప్పు నర్సుది కాదు, కుళాయి ఉన్న చోటుది.

పిటే చేసింది చిన్న పని. స్పిరిట్, గ్లిజరిన్ కలిపిన ద్రవాన్ని సీసాల్లో పోయించి ప్రతి మంచం పక్కన పెట్టించారు, డాక్టర్ల జేబుల్లో వేయించారు. చేతులకు రుద్దుకుంటే 20, 30 సెకన్లలో పని అయిపోతుంది. గ్లిజరిన్ వల్ల చర్మం పగలదు. దానికి తోడు గోడల నిండా పోస్టర్లు అతికించారు. 1994 నుంచి 1997 లోపల చేతుల శుభ్రత నూటికి 48 నుంచి 66కి పెరిగింది. అదే కాలంలో ఆసుపత్రిలోనే అంటుకునే జబ్బులు నూటికి దాదాపు 17 నుంచి 10కి పడిపోయాయి. ఆ సీసాలోని మందు తయారీ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎవరైనా ఉచితంగా వాడుకోమని లోకానికి ఇచ్చేసింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మన దేశంలో చక్కెర మిల్లులూ, డిస్టిలరీలూ శానిటైజర్లు తయారుచేయడానికి దిగాయి కదా, వాటి వెనక ఉన్న చరిత్ర ఇది.

ఒక్క హెచ్చరిక. స్పిరిట్ అన్నిటినీ చంపదు. కొన్ని రకాల విరేచనాల క్రిములు దానికి లొంగవు. చేతికి మట్టి, రక్తం, మలం అంటినప్పుడు అది సరిగా పనిచేయదు. అప్పుడు సబ్బూ నీళ్ళే శరణ్యం. గ్లౌజులు ఉన్నాయిగా అనే ధీమా ఇంకో ప్రమాదం. గ్లౌజు వేసుకున్న చేత్తోనే రోగిని ముట్టుకుని, అదే చేత్తో ఫైలు తిప్పి, ఫోనెత్తి, తలుపు పిడి పట్టుకుంటే ఆ గ్లౌజు కాపాడేది వేసుకున్నవాడిని మాత్రమే. అదీ కొంతసేపే.

ఆసుపత్రిలో సోకే జబ్బంటే, జబ్బు తగ్గించుకోవడానికి వెళ్ళిన చోటే అంటుకునే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం సంపన్న దేశాల ఆసుపత్రుల్లో చేరిన ప్రతి 100 మందిలో ఏడుగురికీ, మనలాంటి దేశాల్లో 15 మందికీ అలాంటిది కనీసం ఒకటి సోకుతుంది. సోకినవారిలో పదింట ఒకరు దానివల్లే చనిపోతారు. ఆపరేషన్ కుట్లు చీము పట్టడం, రోజుల తరబడి ఉంచేసిన యూరిన్ పైపు వల్ల జ్వరం రావడం, వెంటిలేటర్ మీద ఉన్నవారికి నిమోనియా పట్టుకోవడం, మెడ దగ్గర పెద్ద నరంలోకి వేసిన గొట్టం వెంట క్రిములు నేరుగా రక్తంలోకి దిగడం, ఇవన్నీ ఆ లెక్కలోవే.

ఆ చివరిదాని మీద అమెరికాలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టరు 2004 ప్రాంతంలో మిషిగన్ రాష్ట్రంలోని వందకు పైగా ఐసీయూల్లో ఒక ప్రయత్నం చేశారు. కొత్త మందు కాదు, కొత్త యంత్రం కాదు. ఐదు పనుల చీటీ ఒకటి. చేతులు కడగాలి. రోగిని తలనుంచి కాళ్ళ దాకా శుభ్రమైన గుడ్డతో కప్పాలి, గొట్టం వేసేవాళ్ళు మాస్కు, గౌను, టోపీ తొడుక్కోవాలి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవాలి. వీలైనంతవరకు తొడ దగ్గరి నరం జోలికి పోకూడదు. అక్కర్లేని గొట్టాన్ని వెంటనే తీసేయాలి. వీటిలో ఏ ఒక్కటీ ఏ డాక్టరుకీ తెలియనిది కాదు. అయినా మూడు నెలలు తిరిగేసరికి ఆ ఐసీయూల్లో సగానికి సగం ఈ ఇన్ఫెక్షన్‌ను సున్నాకి తెచ్చేశాయి.

చీటీలో రాయని ఆరో సంగతి ఒకటుంది, అసలు బలమంతా అందులోనే ఉంది. డాక్టరు ఒక మెట్టు దాటేస్తే ఆపే హక్కు నర్సుకి ఇచ్చారు. మన ఆసుపత్రుల్లో దీన్ని ఊహించుకోండి. రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టరు ఒక మంచం దగ్గర నుంచి ఇంకో మంచానికి అవే చేతులతో వెళ్తుంటే, ఏడాది కిందట ఉద్యోగంలో చేరిన స్టాఫ్ నర్సు "సార్, చేతులు" అనగలదా? అని, ఆ సాయంత్రం డ్యూటీ చార్టులో తన పేరు ఎక్కడికి మారుతుందోనన్న దిగులు లేకుండా ఇంటికి వెళ్ళగలదా? ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ అని ఫైళ్ళలో ప్రతి పెద్ద ఆసుపత్రికీ ఉంటుంది. ఆ నర్సు నోరు విప్పగలిగిందా లేదా అన్నదాన్ని బట్టే ఆ కమిటీ పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

ఇక డాక్టర్లనీ నర్సులనీ పక్కన పెట్టి, మన సంగతి చూద్దాం. సాయంత్రం నాలుగు గంటలకు మన జిల్లా కేంద్రాల్లో ఏ ఆసుపత్రి వార్డుకైనా వెళ్తే కనిపించే దృశ్యం ఒకటే. పేషెంటు ఒకరు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏడుగురు. ఒక బాబాయి మంచం అంచున కూర్చుని, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి నిమురుతూ "ఏం కాదులేరా" అంటుంటాడు. అత్తయ్య సంచిలోంచి బత్తాయిలు తీసి అక్కడే ఒలుస్తుంటుంది. వెంట వచ్చిన చంటిపిల్ల నేల మీద పాకుతుంటుంది. పక్క మంచం ఆయన్ని కూడా పలకరించి, ఒక పండు చేతిలో పెట్టకపోతే మర్యాద కాదు. ప్రేమ గల దృశ్యమే. పలకరించకపోతే ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకునే చుట్టాలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కానీ ఆ ఏడుగురి చేతులూ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి, అక్కడి నుంచి బస్సు కడ్డీకి, ఇంట్లో అన్నం గిన్నెకీ చేరుతాయి. పేషెంటు దగ్గర ఒకరుండటం, మిగతావాళ్ళు ఫోన్‌లో పలకరించడం, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చేతులు రుద్దుకోవడం, మంచం మీద కూర్చోకపోవడం, పసిపిల్లల్ని వెంట తీసుకుపోకపోవడం. దీనికి డబ్బు అక్కర్లేదు, కాస్త మొహమాటం వదులుకుంటే చాలు.

ఆసుపత్రి వరండా ఎంత ప్రమాదకరం కాగలదో 2018 మేలో కేరళ చూసింది. గబ్బిలాల నుంచి మనుషులకు వచ్చే నిపా వైరస్ కోళికోడ్ జిల్లాలో బయటపడింది. మొదట జబ్బుపడిన యువకుణ్ణి కోళికోడ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తెచ్చి స్కానింగ్ కోసం వరండాలో ఉంచారు. అతను దగ్గుతున్నాడు. అదే వరండాలో వేరే పనుల మీద వచ్చినవాళ్ళు, వేరే రోగుల వెంట ఉన్నవాళ్ళు ఉన్నారు. ఆ విడతలో జబ్బు సోకినవారిలో ఎక్కువమందికి సోకింది ఆసుపత్రుల్లోనే. సోకినవారిలో అత్యధికులు బతకలేదు. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో అతనికి సేవ చేసిన నర్సు లినీ మే 21న చనిపోయారు.

మరుసటి ఏడాది జూన్‌లో ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి అదే నిపా వచ్చింది. అతను కోలుకున్నాడు. అతని నుంచి ఇంకొకరికి రాలేదు. 2018లో దెబ్బ తిన్న రాష్ట్రం 2019లో అనుమానం రాగానే వేరుగా ఉంచడం, తగిన దుస్తులు లేకుండా దగ్గరికి వెళ్ళకపోవడం, అతన్ని కలిసిన ప్రతి ఒక్కరినీ వెతికి పట్టుకుని కనిపెట్టుకుని ఉండటం నేర్చుకుంది. మన ఆసుపత్రుల ఓపీల్లో ఇంకా చాలాచోట్ల జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళూ, నెలలు నిండిన గర్భిణులూ, షుగర్ చెకప్‌కి వచ్చిన పెద్దవాళ్ళూ ఒకే బెంచీ మీద గంటల తరబడి కూర్చుంటారు. దగ్గేవారికి గేటు దగ్గరే ఒక మాస్కు ఇచ్చి, చెట్టు కింద వేరే బెంచీ వేయడానికి ఏ జీవో రావాలి?

చెట్టు కింద అన్నది ఊరికే అన్న మాట కాదు. క్షయ, తట్టు, కోవిడ్ లాంటివి గాలిలో తేలుతూ వ్యాపిస్తాయి. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. పెరూ రాజధాని లిమాలో కొందరు పరిశోధకులు ఆసుపత్రి గదుల్లో గాలి గంటకు ఎన్నిసార్లు పూర్తిగా మారుతోందో కొలిచి 2007లో ప్రచురించారు. కిటికీలూ తలుపులూ బార్లా తీసిన గదుల్లో 28 సార్లు. ఖరీదైన యంత్రాలతో గాలి నడిపించే గదుల్లో 12 సార్లు. అందులోనూ కట్టి అప్పటికే యాభై ఏళ్ళు దాటిన, ఎత్తైన కప్పులూ పెద్ద పెద్ద కిటికీలూ ఉన్న పాత వార్డుల్లో 40 సార్లు. కొత్తగా కట్టిన వాటిలో కిటికీలు తీసినా 17 సార్లే. విశాఖ కేజీహెచ్‌లోనో, హైదరాబాద్ ఉస్మానియాలోనో పాత వార్డులు చూసినవారికి అర్థమవుతుంది. ఆనాటి ఇంజనీర్లు బీద ఆసుపత్రికి గాలే మందని తెలిసి కట్టారు. ఇవాళ మన పట్టణాల్లో కొత్త క్లినిక్ అంటే అద్దాల తలుపు, ఏసీ, మూసిన కిటికీలు, గదిలో ఇరవైమంది. ఫీజు ఎక్కువిచ్చి మరీ ఒకరి దగ్గు ఒకరు పీల్చుకునే ఏర్పాటు.

సూది సంగతికి వద్దాం. తెలుగు పల్లెల్లో సూది వేయని డాక్టరుకి చెయ్యి మంచిది కాదని పేరు. జ్వరమైతే సూది, ఒళ్ళునొప్పులైతే సూది, నీరసమైతే గ్లూకోజు ఎక్కించాలి. మాత్రతో పోయేదానికి కూడా సూది అడిగి వేయించుకుంటారు. అడిగారు కదా అని ఆర్‌ఎంపీలు వేస్తారు. 2009లో గుజరాత్‌లోని మొదాసా పట్టణం చుట్టుపక్కల హెపటైటిస్ బి ఒక్కసారిగా విరుచుకుపడి పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది. ఆరా తీస్తే, వాడిన సిరంజిలనే మళ్ళీ వాడటం బయటపడింది. అంతకన్నా ఘోరం, ఆసుపత్రి చెత్తలోంచి సిరంజిలు ఏరి, మళ్ళీ ప్యాక్ చేసి అమ్మే వ్యాపారం కూడా బయటపడింది.

అందుకే పిల్లల టీకాలకు ఒక్కసారి నొక్కాక బిగుసుకుపోయి మళ్ళీ వెనక్కి రాని సిరంజిలు ప్రభుత్వం వాడుతోంది. అందుకే ఆసుపత్రి చెత్తకు రంగులు పెట్టారు. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలో, రక్తం తడిసిన కట్లు పసుపు సంచిలో, గొట్టాలు, సూది తీసేసిన సిరంజిలు ఎర్ర సంచిలో, గాజు సీసాలు నీలం డబ్బాలో. సూదిని అక్కడికక్కడే కట్టర్‌తో కత్తిరించాలి, మళ్ళీ మూత పెట్టబోకూడదు, ఎందుకంటే నర్సుల వేళ్ళకు గుచ్చుకునేది ఎక్కువగా ఆ మూత పెట్టేటప్పుడే. పేషెంటు చేయాల్సింది రెండు పనులు. మాత్ర సరిపోతుందా అని అడగడం. సరిపోదంటే, సిరంజి కవరు తన కళ్ళ ముందు చింపించుకోవడం. అడిగితే డాక్టరు నొచ్చుకుంటాడేమోనని ఊరుకోవద్దు. నొచ్చుకుంటే ఇంకో డాక్టరు దొరుకుతాడు.

ఇక యాంటీబయాటిక్స్ విషయంలో తెలుగువారికి రెండు రకాల బంధుత్వం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోనే అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆరియోమైసిన్ వెలుగు చూసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది, 1948లో లోకానికి తెలిసింది. అదే సంవత్సరం ఆయన కన్నుమూశారు. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకుని వైద్యంలోకి వచ్చిన మనిషి ఆయన. రెండో బంధుత్వం చెప్పుకోవడానికి గర్వంగా ఉండదు. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. జబ్బుకి మందు వాడేవారి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బయటపడిన క్రిములకు ఆ మందంటే ఇక లెక్కేముంటుంది?

ఫ్యాక్టరీల పాపం ఫ్యాక్టరీలది. మందుల షాపులో మనం చేసేది మనది. జలుబూ, మామూలు వైరల్ జ్వరమూ యాంటీబయాటిక్‌తో తగ్గవు, కొన్ని రోజులకు వాటంతటవే తగ్గుతాయి. రెండు మాత్రలు వేసుకున్నాక తగ్గింది కాబట్టి మందు గొప్పదనుకుంటాం. పైన నిలువుగా ఎర్ర గీత ఉన్న మాత్రలు డాక్టరు చీటీ లేకుండా కొనకూడదు, చీటీ లేకుండా అమ్మనూ కూడదు. కిందటిసారి మిగిలినవి డబ్బాలో దాచి, ఈసారి పక్కింటి పిల్లాడికి ఇవ్వకూడదు.

ఇంట్లో చేతుల సంగతికి మంచి రుజువు కరాచీ నుంచి వచ్చింది. అక్కడి మురికివాడల్లో పరిశోధకులు ఏడాది పాటు కొన్ని వందల కుటుంబాలకు సబ్బులు ఉచితంగా ఇచ్చి, వారం వారం ఇంటికొచ్చి ఎప్పుడెప్పుడు కడుక్కోవాలో చెప్పి వెళ్ళారు. 2005లో ఫలితాలు వచ్చాయి. సబ్బు అందని ఇళ్ళతో పోలిస్తే ఐదేళ్ళలోపు పిల్లల్లో నిమోనియా సగానికి తగ్గింది. విరేచనాలు సగానికంటే ఎక్కువే తగ్గాయి. ఇంకో సంగతి కూడా తేలింది. కొన్ని ఇళ్ళకు మామూలు సబ్బూ, కొన్నింటికి క్రిములను చంపే మందు కలిపిన సబ్బూ ఇచ్చారు. రెండింటికీ తేడా ఏమీ లేదు. టీవీ ప్రకటనల్లో భూతద్దం కింద పురుగుల్ని చూపించి అమ్మే సబ్బుకీ, కిరాణా కొట్లో దొరికే చవక సబ్బుకీ ఈ విషయంలో ఒకటే విలువ. కావాల్సిందల్లా అది దొడ్డి దగ్గరా, వంట దగ్గరా చేతికందేలా ఉండటం. బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర కూడా అంతే. నూట యాభై మంది పిల్లలకు రెండు కుళాయిలుండి, హెడ్‌మాస్టరు గదిలో బీరువాలో సబ్బు తాళం వేసి ఉంటే, శుభ్రత మీద పాఠం ఎంత బాగా చెప్పినా దండగే.

చివరిగా దోమ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టారు. కుట్టించుకున్నందుకు దోమకో అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టింది, రాస్‌కు 1902లో నోబెల్ వచ్చింది. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి ఇప్పుడు రాస్ పేరే ఉంది. పాతకాలపు జనం దాన్ని కోరంటి దవాఖాన అనేవారు.

అయితే ఇవాళ మన పట్టణాలను వేధిస్తున్న డెంగీ దోమ వేరు. రాస్ చూసిన అనాఫిలిస్ రాత్రిపూట కుడుతుంది, డెంగీని మోసే ఈడిస్ పగలు కుడుతుంది. అది మురుగు కాల్వల జోలికి పోదు, మన ఇంట్లోని మంచినీళ్ళే దానికి కావాలి. మున్సిపాలిటీ వాళ్ళు కాల్వల వెంట పొగ కొడుతుంటే అది కూలర్ తొట్టిలో నిశ్చింతగా పెరుగుతుంటుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శుక్రవారం డ్రై డే అంటూ వారానికొకసారి నీళ్ళు పారబోయమనడానికి కారణం ఆ లెక్కే. వారం తప్పితే ఒక తరం దోమలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. పూలకుండీ కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనకాల నీళ్ళు చేరే ట్రే, డాబా మీద పడేసిన టైరు, కొబ్బరి చిప్పలు, మూతలేని డ్రమ్ము, ఇవన్నీ చూసుకోవాలి. ఒట్టి పారబోత సరిపోదు. ఈడిస్ గుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందువల్ల తొట్టి ఖాళీ చేశాక లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది, కడిగి, ఎండలో బోర్లించాలి.